బొగ్గు సీమ నుండి మంచు సీమకు

ప్రవేశిక

తెలుగులో యాత్రా రచనలకు చక్కని సంప్రదాయం ఉంది. ఏనుగుల వీరాస్వామయ్య 1830-31 సంవత్సరాలలో మద్రాసు నుండి కాశీకి వెళ్లి వచ్చి, తాను చూచిన ఊళ్లను, దారులను, మనుషుల జీవనరీతులను ‘కాశీయాత్ర చరిత్ర’లో నమోదు చేశాడు. యాత్ర కేవలం కాలక్షేపం కాదనీ, అది లోకాన్ని చదివే ఒక పద్ధతి అనీ ఆ గ్రంథం నిరూపించింది. ప్రస్తుత పాఠ్యభాగం భూగోళపు ఉత్తరపు కొసన ఉన్న స్వాల్‌బార్డ్ ద్వీపసముదాయాన్ని పరిచయం చేస్తుంది. అక్కడి ప్రకృతిని, జంతుజాలాన్ని, సాహసికుల చరిత్రను వివరిస్తూ, ఆ మంచు నేలకు, భూపాలపల్లి బొగ్గు నేలకు మధ్య గల సంబంధాన్ని తెలియజేయడం దీని ఉద్దేశం.

పాఠ్యభాగం

సాహసయాత్ర అనగానే చాలామందికి దూరదేశాలు గుర్తుకు వస్తాయి. నిజానికి సాహసం ఇంటి దగ్గరే మొదలవుతుంది. జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోని పాండవుల గుట్టలలో ఆదిమానవులు గీసిన చిత్రాలు నేటికీ నిలిచి ఉన్నాయి. ఆ రాళ్లపైనే నేటి యువకులు తాళ్లు కట్టుకొని ఎక్కడం నేర్చుకొంటున్నారు. మహబూబాబాద్ జిల్లా గూడూరు అడవులలోని భీముని పాదం జలపాతాన్ని చూడాలంటే కొంత దూరం చెట్ల మధ్య నడవాలి. జనగామ చుట్టూ పరచుకొన్న గ్రానైటు గుండ్లు భూమిపై గల ప్రాచీన శిలలలో ఒక భాగం. వీటిని శ్రద్ధగా చూచినవానికి దూరాన ఉన్న లోకం కూడా అర్థమవుతుంది.

భూపాలపల్లి గనులనే తీసుకొందాం. అక్కడి కార్మికుడు నేల లోపలికి దిగి తవ్వే బొగ్గు ఒకప్పుడు పచ్చని అడవి. సుమారు ముప్పై కోట్ల సంవత్సరాల క్రితం భారతదేశం ఇప్పుడున్న చోట లేదు. ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికాలతో కలిసి గోండ్వానా అనే మహాఖండంగా, దక్షిణ ధ్రువానికి సమీపంలో ఉండేది. అప్పుడు ఈ నేలపై మంచు దట్టంగా పేరుకొని ఉండేది. హిమానీనదాలు కొండలను ఒరుసుకొంటూ జారి, రాళ్లను, మట్టిని మోసుకొని వచ్చి పల్లపు ప్రాంతాలలో వదలిపెట్టాయి. గోదావరి లోయలోని బొగ్గు పొరలకు అడుగున ఆ రాళ్ల గుట్టలు నేటికీ కనబడతాయి. శాస్త్రవేత్తలు వాటిని తాల్చీర్ శిలలు అని పిలుస్తారు. మంచు కరిగిన తరువాత ఆ తడినేలపై గ్లోసోప్టెరిస్ అనే జాతి చెట్లు దట్టంగా పెరిగాయి. అవి కూలి, బురదలో పూడి, కోట్ల సంవత్సరాల ఒత్తిడికి బొగ్గుగా మారాయి. అంటే, ఎండకాలంలో నిప్పులు చెరిగే మన నేల ఒకనాడు ధ్రువప్రాంతమే. కనుక ధ్రువసీమను గురించి తెలుసుకోవడమంటే మనకు పరాయిదైన కథను వినడం కాదు. మన ఊరి పూర్వచరిత్రలో ఒక పుటను తెరవడమే.

మంచు నేలకు ప్రయాణం

నేడు భూమిపై అటువంటి మంచు నేలను చూడాలంటే నార్వేకు ఉత్తరాన, ఆర్కిటిక్ మహాసముద్రంలో ఉన్న స్వాల్‌బార్డ్ దీవులకు పోవాలి. జనగామ, మహబూబాబాద్ పట్టణాలు భూమధ్యరేఖకు ఉత్తరాన 17, 18 డిగ్రీల అక్షాంశాల నడుమ ఉన్నాయి. స్వాల్‌బార్డ్ దీవులు 74 నుండి 81 డిగ్రీల వరకు వ్యాపించాయి. హైదరాబాదు నుండి బయలుదేరినవారు ఢిల్లీ మీదుగా ఐరోపాకు చేరి, నార్వే రాజధాని ఓస్లో నుండి మరొక విమానంలో సుమారు మూడు గంటలు ప్రయాణిస్తే లాంగియర్‌బియెన్ పట్టణం వస్తుంది. అక్కడి నుండి ఓడలోగాని, చిన్న విమానంలోగాని ముందుకు సాగితే కాంగ్స్‌ఫియార్డ్ అనే సముద్రపు పాయ ఒడ్డున నీ-ఆలెసుండ్ అనే చిన్న జనావాసం కనబడుతుంది. ఉత్తర ధ్రువం అక్కడికి సుమారు 1,200 కిలోమీటర్ల దూరమే.

ఆ దీవులలో సగానికి పైగా భూభాగం హిమానీనదాలతో కప్పబడి ఉంటుంది. చెట్టు అనేది మచ్చుకైనా కానరాదు. వేసవిలో నేలపై పొర కరిగినప్పుడు నాచు, గడ్డి, చిన్న చిన్న పూల మొక్కలు నేలను అంటిపెట్టుకొని పెరుగుతాయి. అడుగున నేల మాత్రం ఏడాది పొడవునా గడ్డకట్టే ఉంటుంది. హిమానీనదపు అంచు సముద్రాన్ని తాకే చోట పెద్ద పెద్ద మంచు ముక్కలు విరిగి, ఉరుము వంటి ధ్వనితో నీటిలో పడతాయి. ఆ నీలివర్ణపు గోడల ముందు పడవలో నిలిచినవారు ఆ ధ్వనిని చిరకాలం మరువలేరు.

అక్కడి పగలు, రాత్రి కూడా మన లెక్కకు అందవు. భూమి తన అక్షంపై 23.5 డిగ్రీలు వంగి తిరుగుతుంది. అందువలన నీ-ఆలెసుండ్‌లో ఏప్రిల్ మూడవ వారం నుండి ఆగస్టు మూడవ వారం దాటే వరకు సూర్యుడు అస్తమించడు. అర్ధరాత్రి కూడా ఎండ కాస్తుంది. అక్టోబరు చివరి నుండి ఫిబ్రవరి మధ్య వరకు సూర్యోదయమే ఉండదు. ఆ ధ్రువరాత్రిలో చంద్రుడు, నక్షత్రాలు, ఆకాశంలో పచ్చని తెరల వలె కదలాడే ధ్రువకాంతులు మాత్రమే వెలుగునిస్తాయి. సూర్యుని నుండి వెలువడే విద్యుదావేశ కణాలు భూమి అయస్కాంత క్షేత్రానికి లోబడి ధ్రువాల వైపు మళ్లి, వాతావరణంలోని వాయువులను తాకినప్పుడు ఆ కాంతులు పుడతాయి.

ప్రాణుల నేర్పు

ఇంతటి శీతలంలో కూడా ప్రాణులు తమ తమ మార్గాలను కనుగొన్నాయి. ధ్రువపు ఎలుగుబంటి చర్మం నల్లగా ఉంటుంది. దానిపై తెల్లని దట్టమైన రోమాలు, చర్మం కింద మందమైన కొవ్వు పొర ఉంటాయి. సముద్రంపై గడ్డకట్టిన మంచుపలకలే దానికి వేటస్థలం. మంచులోని రంధ్రం వద్ద గంటల తరబడి కదలక కూర్చుండి, ఊపిరి కోసం పైకి వచ్చిన సీలును పట్టుకొంటుంది. మంచుపలకలు లేనినాడు దాని వేట సాగదు. స్వాల్‌బార్డ్ ధ్రువపు జింకలకు పొట్టి కాళ్లు, గుండ్రని దేహం ఉంటాయి. అవి మంచును గిట్టలతో తొలగించి, అడుగున ఉన్న నాచును, గడ్డిని మేస్తాయి. ధ్రువపు నక్క శీతకాలంలో తెల్లని కోటును, వేసవిలో గోధుమవర్ణపు కోటును ధరిస్తుంది. పొడవైన దంతాలు గల వాల్రస్‌లు గుంపులు గుంపులుగా ఒడ్డున పడుకొని ఉంటాయి.

పక్షులలో ఆర్కిటిక్ టెర్న్ యాత్రికులకే యాత్రికుడు. సుమారు నూరు గ్రాముల బరువు గల ఈ పక్షి ఉత్తరాన వేసవి గడిపి, దక్షిణాన అంటార్కిటికా వేసవిని అందుకొనడానికి ఎగిరిపోతుంది. రాకపోకలు కలిపి ఏడాదికి 70,000 కిలోమీటర్లకు పైగా ప్రయాణిస్తుంది. నీ-ఆలెసుండ్ వీధుల పక్కనే గూడు పెట్టుకొని, దగ్గరకు వచ్చినవారి తలపై ముక్కుతో పొడుస్తుంది. ఎత్తైన భాగాన్ని పొడవడం దాని అలవాటు కనుక బాటసారులు ఒక కర్రను తలకంటె ఎత్తున పట్టుకొని నడుస్తారు. మన చెరువులకు కూడా ఉత్తరపు అతిథులు వస్తారు. ఉల్లంకి జాతికి చెందిన లిటిల్ స్టింట్ అనే పిచ్చుకంత పక్షి సైబీరియా మొదలైన ధ్రువప్రాంతపు నేలలలో పిల్లలను పొదిగి, శీతకాలాన్ని మన దేశపు చెరువుల ఒడ్డున గడుపుతుంది. బురదలో చకచక నడుస్తూ పురుగులను ఏరుకొనే ఆ చిన్న పక్షిని చూచినప్పుడు, అది ఎంత దూరం నుండి వచ్చిందో తలచుకొంటే ఆశ్చర్యం కలుగుతుంది.

మనిషి ఈ ప్రాణులను ఒకప్పుడు విచ్చలవిడిగా వేటాడాడు. స్వాల్‌బార్డ్‌లో వాల్రస్ దాదాపు అంతరించిపోయే స్థితికి చేరింది. అప్పుడు చట్టాలు వచ్చాయి. 1925లో ధ్రువపు జింకకు, 1952లో వాల్రస్‌కు, 1973లో ధ్రువపు ఎలుగుబంటికి అక్కడ రక్షణ లభించింది. 2025 సంవత్సరం ఆరంభం నుండి యాత్రికులెవరూ ఎలుగుబంటికి 300 మీటర్ల కంటె దగ్గరగా పోరాదు. మార్చి నుండి జూన్ వరకు ఆ దూరం 500 మీటర్లు. జంతువును దగ్గరగా చూడడం కంటె దానిని దాని మానాన బ్రతకనివ్వడమే గొప్ప అని ఈ నియమం చెబుతుంది.

సాహసికులు

ఈ మంచు నేల అనేక సాహసాలను చూచింది. 1897లో స్వీడన్ దేశస్థుడైన ఆండ్రే తన ఇద్దరు సహచరులతో కలిసి హైడ్రోజన్ బెలూనులో ఉత్తర ధ్రువానికి బయలుదేరాడు. బెలూను మూడు దినాలు తిరుగక ముందే మంచుపై దిగిపోయింది. వారు స్లెడ్జి బండ్లను లాగుకొంటూ నెలల తరబడి నడచి, చివరకు ఒక నిర్జన ద్వీపంలో ప్రాణాలు విడిచారు. 1930లో వారి అవశేషాలు, దినచర్య పుస్తకాలు, వారు తీసిన ఛాయాచిత్రాలు లభించాయి. ముప్పై మూడేళ్లు మంచులో ఉన్న ఆ చిత్రాలను శుద్ధి చేయగా బొమ్మలు కనబడ్డాయి.

దక్షిణ ధ్రువాన్ని 1911లో తొలిసారి చేరుకొన్న నార్వే వీరుడు రోఆల్డ్ అముండ్‌సెన్ 1926 మే నెలలో నీ-ఆలెసుండ్ నుండి ‘నార్గే’ అనే గాలి ఓడలో బయలుదేరాడు. ఆయనతో అమెరికా దేశస్థుడు ఎల్స్‌వర్త్, ఆ ఓడను నిర్మించిన ఇటలీ ఇంజనీరు నోబిలే ఉన్నారు. వారు ఉత్తర ధ్రువం మీదుగా ఎగిరి అలాస్కాలో దిగారు. ఆ గాలి ఓడను కట్టివేసిన ఇనుప స్తంభం నీ-ఆలెసుండ్‌లో నేటికీ నిలిచి ఉంది. తరువాత కీర్తి ఎవరిదన్న విషయంలో అముండ్‌సెన్‌కు, నోబిలేకు మధ్య వైరం పెరిగింది. 1928లో నోబిలే మరొక గాలి ఓడలో వెళ్లి మంచుపై కూలిపోయినట్లు వార్త వచ్చింది. అముండ్‌సెన్ పాత కోపాన్ని పక్కన పెట్టి, అతనిని వెదకడానికి విమానంలో బయలుదేరాడు. ఆ విమానం తిరిగి రాలేదు. నోబిలేను మాత్రం ఇతరులు రక్షించారు. అముండ్‌సెన్ జీవితంలో ధ్రువాన్ని జయించిన రోజు కంటె, తనతో విభేదించిన మనిషి కోసం బయలుదేరిన రోజే మహోన్నతమైనది.

బొగ్గు ఊరు శాస్త్రనిలయమైన కథ

నీ-ఆలెసుండ్ చరిత్ర భూపాలపల్లివారికి, ఇల్లెందువారికి సులభంగా అర్థమవుతుంది. ఎందుకంటే అది కూడా బొగ్గు ఊరే. ఇరవయ్యవ శతాబ్దం రెండవ దశకంలో గని కార్మికుల కోసం ఆ ఊరు వెలసింది. బొగ్గును ఓడరేవుకు మోసిన చిన్న రైలింజను నేటికీ అక్కడ ప్రదర్శనగా నిలిచి ఉంది. 1962 నవంబరు 5న గనిలో జరిగిన పేలుడులో 21 మంది కార్మికులు మరణించారు. కార్మికుల భద్రత విషయంలో జరిగిన లోపాలపై నార్వే పార్లమెంటులో తీవ్రమైన చర్చ సాగి, 1963లో ప్రభుత్వమే పడిపోయింది. గని మూతపడింది. కార్మికులు వెళ్లిపోయిన ఇండ్లలోకి క్రమంగా శాస్త్రవేత్తలు వచ్చారు. నేడు అనేక దేశాల పరిశోధన కేంద్రాలు అక్కడ పని చేస్తున్నాయి. ఊరిలో తలుపులకు తాళాలు వేయరు. ఎలుగుబంటి ఎదురైతే ఎవరైనా ఏ ఇంటిలోకైనా పరుగెత్తవచ్చు.

1920లో కుదిరిన స్వాల్‌బార్డ్ ఒప్పందంపై అప్పటి బ్రిటిష్ ఇండియా పేరున కూడా సంతకం జరిగింది. కాని భారతదేశపు తొలి శాస్త్ర బృందం అక్కడికి వెళ్లింది 2007లో. 2008 జూలై 1న నీ-ఆలెసుండ్‌లో ‘హిమాద్రి’ అనే భారత పరిశోధన కేంద్రం ప్రారంభమైంది. 2014లో కాంగ్స్‌ఫియార్డ్ నీటి అడుగున ‘ఇండార్క్’ అనే పరికరాల సముదాయాన్ని అమర్చారు. అది నీటి ఉష్ణోగ్రతను, లవణీయతను, ప్రవాహాలను కొలుస్తుంది. 2023 డిసెంబరులో భారత శాస్త్రవేత్తలు తొలిసారి శీతకాలపు చీకటిలో పని చేయడానికి అక్కడికి బయలుదేరారు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు ఆ ప్రాంతపు సూక్ష్మజీవులను పరిశీలించి, చలిలో కూడా చురుకుగా పని చేసే ఎంజైములను ఉత్పత్తి చేసేవాటిని గుర్తించారు.

తెలుగు నేలకు ఆ దీవులతో మరొక బంధం ఉంది. లాంగియర్‌బియెన్ సమీపంలోని ఒక కొండను తొలిచి, 2008లో ప్రపంచ విత్తన భాండాగారాన్ని నెలకొల్పారు. యుద్ధమో, విపత్తో సంభవించి ఒక దేశపు విత్తనాలు నశిస్తే, ఇక్కడ దాచినవాటి నుండి మళ్లీ మొలకెత్తించవచ్చు. హైదరాబాదు సమీపంలోని పటాన్‌చెరులో గల ఇక్రిశాట్ సంస్థ జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ విత్తనాలను అక్కడకు పంపింది. జనగామ రైతు తాతముత్తాతల కాలం నుండి ఎరిగిన పంటలే ఆ మంచుకొండ గర్భంలో సున్నాకు దిగువ 18 డిగ్రీల చలిలో నిద్రిస్తున్నాయి.

కరుగుతున్న మంచు, మన బాధ్యత

అయితే ఆ మంచు నేడు నిలకడగా లేదు. 1979 తరువాత ఆర్కిటిక్ ప్రాంతం భూగోళపు సగటు కంటె సుమారు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కిందని 2022లో ప్రకటితమైన ఒక పరిశోధన తేల్చింది. తెల్లని మంచు సూర్యకాంతిని తిప్పికొడుతుంది. నల్లని సముద్రం దానిని ఇముడ్చుకొంటుంది. కనుక మంచు కరిగిన కొలదీ వేడి పెరుగుతుంది, వేడి పెరిగిన కొలదీ మరింత మంచు కరుగుతుంది. శీతకాలంలో మంచుకు బదులు వాన కురిసి, ఆ నీరు నేలపై గడ్డకట్టడంతో జింకలకు మేత అందక ఆకలితో చనిపోతున్నాయి. 2016లో అసాధారణమైన వేడిమికి, వానకు నీరు విత్తన భాండాగారపు సొరంగమార్గంలోకి ప్రవేశించింది. విత్తనాలకు హాని కలుగలేదు. కాని ఎన్నటికీ కరగదని నమ్మిన నేలపై ఆ నమ్మకం మాత్రం సడలింది.

ఈ వేడికి ప్రధాన కారణం బొగ్గు, చమురు, సహజవాయువులను మండించగా వెలువడే కార్బన్ డై ఆక్సైడ్. ఇక్కడ మనం తడబడకుండా ఒక సత్యాన్ని అంగీకరించాలి. భూపాలపల్లి సమీపంలోని చెల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. దాని విద్యుత్తు రైతు మోటారును నడుపుతుంది, విద్యార్థి దీపాన్ని వెలిగిస్తుంది. సింగరేణి గనులు వేలాది కుటుంబాలకు అన్నం పెడుతున్నాయి. అదే బొగ్గు పొగ ప్రపంచంలోని ఇతర దేశాల పొగతో కలిసి దూరాన ఉన్న మంచును కరిగిస్తుంది. ప్రపంచాన్ని మొదట వేడెక్కించినవి ధనిక దేశాలే అన్నది నిజం. ఆ భారాన్ని గని కార్మికుని భుజంపై మోపడం న్యాయం కాదు. అట్లని కళ్లు మూసుకోవడం కూడా వివేకం కాదు. స్వాల్‌బార్డ్‌లో నార్వే చివరి బొగ్గు గని 2025లో మూతపడింది. అక్కడి కార్మికులకు ఎదురైన ప్రశ్న ఏదో ఒకనాడు మన గనుల ముందు కూడా నిలుస్తుంది. కార్మికుల పిల్లలకు కొత్త విద్యలు, కొత్త ఉపాధులు ముందుగానే సిద్ధం చేయడమే దానికి తగిన సమాధానం.

2023 జూలై చివరి వారంలో ఈ ప్రాంతమంతటా కుంభవృష్టి కురిసింది. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వర్షం నమోదైంది. మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లాలోని మోరంచపల్లి గ్రామం నీట మునిగింది. జనం ఇండ్ల కప్పులెక్కి సహాయం కోసం ఎదురుచూచారు. ఆ ఒక్క వరదకు ఆర్కిటిక్ మంచే కారణమని చెప్పడం శాస్త్రం కాదు. కాని వేడెక్కిన గాలి ఎక్కువ నీటి ఆవిరిని మోస్తుందనీ, అందువలన భారీ వర్షాలు మరింత తీవ్రమవుతాయనీ శాస్త్రం చెబుతోంది. ఆర్కిటిక్ మార్పులకు, మన రుతుపవనాలకు గల సంబంధాన్ని పరిశీలించడం హిమాద్రి కేంద్రపు లక్ష్యాలలో ఒకటి. అక్కడ కొలిచే ప్రతి అంకె ఇక్కడి రైతు బ్రతుకుతో ముడిపడి ఉంది.

ధ్రువయాత్రలు ధనవంతులకే సాధ్యమని నిరాశ చెందనవసరం లేదు. నిజామాబాద్ జిల్లాకు చెందిన మాలావత్ పూర్ణ, అప్పటి ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్‌కుమార్ సాంఘిక సంక్షేమ గురుకులాలలో చదువుకొన్న పేదింటి బిడ్డలు. జనగామకు సమీపంలోని భువనగిరి కొండపై రాతిని ఎక్కడం నేర్చి, 2014 మే 25న ఎవరెస్టు శిఖరంపై నిలిచారు. శాస్త్రం చదివిన విద్యార్థికి హిమాద్రి దారి కూడా తెరిచే ఉంది. మన గుట్టను ఎక్కి, మన చెరువు ఒడ్డున పక్షులను గుర్తించి, మన వాగు నీటిమట్టాన్ని కొలిచి నమోదు చేసే అలవాటు ఉన్నవాడే రేపు ధ్రువసీమను కూడా చదవగలడు. ముప్పై కోట్ల ఏళ్లనాటి మంచు మన కాళ్ల కింద రాతిగా మిగిలింది. నేటి మంచు మంచుగానే మిగలడం మన చేతుల్లో ఉంది.

కఠిన పదాలు - అర్థాలు

ద్వీపసముదాయం = దీవుల గుంపు
హిమానీనదం = మెల్లగా కదిలే మంచు ప్రవాహం
జనావాసం = మనుషులు నివసించే చోటు
మచ్చుకైనా = నమూనాకైనా, కొంచెమైనా
నిర్జనం = మనుషులు లేనిది
లవణీయత = ఉప్పదనం
భాండాగారం = నిల్వ చేసే చోటు
కుంభవృష్టి = కుండలతో కుమ్మరించినట్లు కురిసే వాన
సడలు = పట్టు తప్పు, వదులగు

భాషాంశాలు

హిమాద్రి = హిమ + అద్రి - సవర్ణదీర్ఘ సంధి
సూర్యోదయం = సూర్య + ఉదయం - గుణ సంధి
మహోన్నతం = మహా + ఉన్నతం - గుణ సంధి
ధ్రువరాత్రి = ధ్రువమునందలి రాత్రి - సప్తమీ తత్పురుష సమాసం
సూర్యకాంతి = సూర్యుని యొక్క కాంతి - షష్ఠీ తత్పురుష సమాసం

ప్రశ్నలు

అ) కింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. స్వాల్‌బార్డ్ దీవుల ప్రకృతిని, జంతుజాలాన్ని వర్ణించండి.
2. భూపాలపల్లి, నీ-ఆలెసుండ్ ప్రాంతాల మధ్య గల పోలికలను, సంబంధాన్ని పాఠ్యభాగం ఆధారంగా వివరించండి.

ఆ) కింది ప్రశ్నలకు పది పంక్తులలో సమాధానాలు రాయండి.
1. అముండ్‌సెన్ వ్యక్తిత్వంలోని గొప్పతనాన్ని తెలపండి.
2. ప్రపంచ విత్తన భాండాగారం ఆవశ్యకత ఏమిటి? తెలుగు నేలతో దానికి గల బంధం ఎట్టిది?
3. బొగ్గు వినియోగం విషయంలో మన ముందున్న సమస్యను రచయిత ఎట్లా సమన్వయించాడు?

ఇ) ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. ‘హిమాద్రి’ కేంద్రం ఎప్పుడు ప్రారంభమైంది?
2. గోదావరి లోయ బొగ్గు పొరల అడుగున ఉన్న శిలలను ఏమంటారు?
3. నీ-ఆలెసుండ్‌లో తలుపులకు తాళాలు ఎందుకు వేయరు?

ఈ) మీ ఊరి చెరువుకు శీతకాలంలో వచ్చే పక్షులను వారం రోజులపాటు గమనించి, దినచర్య రూపంలో నమోదు చేయండి.